దాయిరా గీసే ఉస్తాదులు: చక్రాల మీది హునర్ మన దాకా ఎలా వచ్చింది



ఇత్వార్ వస్తే మా ఇంట్లో ఫజర్ తర్వాత ఎవరూ మళ్లీ పడుకోరు. నేనూ మా చిన్నదీ స్కూటర్ మీద ఘట్‌కేసర్‌లో బయల్దేరతాం. నారపల్లి దగ్గరికి వచ్చేసరికి ఏళ్ల తరబడి పని నడుస్తున్న ఫ్లైఓవర్ పిల్లర్లు మొదలవుతాయి. వాటి కిందుగా ఉప్పల్ చేరి, నాచారం వైపు మళ్లితే ఒక బడి ఉంది. ఆ బడి బాస్కెట్‌బాల్ కోర్టే మా పిల్లల స్కేటింగ్ రింక్.

కోచ్ సార్ మాకంటే ముందే వచ్చి ఉంటాడు. జేబులోంచి దారం ఉండ తీస్తాడు. ఒక కొసను ఎవరో ఒక పిల్ల కాలితో తొక్కిపెడుతుంది. సార్ మూడు మీటర్లు కొలిచి రెండో కొసకు సుద్దముక్క కట్టి, దారం బిగువుగా పట్టుకుని చుట్టూ తిరుగుతాడు. ఆరు మీటర్ల దాయిరా పడుతుంది. దాన్ని ఆనుకునే ఇంకొకటి గీస్తాడు. రెండూ కలిస్తే నేల మీద పెద్ద ఎనిమిది అంకె. ఆ తర్వాత ఒకటే మాట: "గీత మీద పో. గీత వదలొద్దు."

అరగంట సేపు పిల్లలు ఆ గీత మీదే తిరుగుతారు. పాట ఉండదు, గెంతులు ఉండవు. మొన్న కొత్తగా వచ్చిన ఒక అబ్బా నా పక్కన కూర్చుని కాసేపు చూసి అడిగాడు: "క్యా భాయ్, ఫోన్‌లో చూస్తే పిల్లలు గాల్లో గిరగిరా తిరుగుతున్నారు. మన సార్ సుద్దగీతలే గీయిస్తున్నాడు. ఫీజు దీనికేనా?"

నాకు నవ్వొచ్చింది. ఇదే సవాల్ ముప్పై అయిదేళ్ల కింద నేను మా నానాను అడిగాను.

మా నానా ఒక ఉర్దూ అఖ్బార్‌లో కాతిబ్. కంప్యూటర్లు రాక ముందు ఉర్దూ అఖ్బార్ మొత్తం చేత్తో రాసి అచ్చుకు పంపేవాళ్లంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. సెలవుల్లో ఆయన దగ్గరికి పోతే తఖ్తీ ఇచ్చి 'నూన్' రాయమనేవారు. ఒక్క నూన్, వారం రోజులు. నూన్ కిందుండే గిన్నె వంపును దాయిరా అంటారు. అది కుదరకపోతే తఖ్తీ కడిగి, ముల్తానీ మట్టి పూసి, ఎండబెట్టి మళ్లీ మొదటి నుంచి. "నానా, నేను షేర్ ఎప్పుడు రాయాలి?" అంటే, "నీ నూన్ నిలబడిన రోజు" అనేవారు. ఇలా పదేపదే రాయడాన్ని మష్క్ అంటారు. ఉస్తాద్ కలంతో దిద్దడాన్ని ఇస్లాహ్ అంటారు.

ఆ అబ్బాకు ఇది చెబితే "అచ్ఛా" అని ఊరుకున్నాడు. కానీ ఇంట్లో ఇంకో పెద్ద సవాల్ నా కోసం కాచుకుని ఉంది. మా చిన్నదానికి వచ్చే నెల పన్నెండు నిండుతాయి. ఫూఫీ వచ్చి చాయ్ తాగుతూ తేల్చేసింది: "బస్ బేటా. ఇన్నేళ్లు ఆడింది, ఖైర్. ఇక నక్కో."

ఫూఫీ మాట తీసేసే మాట కాదు. నన్ను చదివించింది ఆమే. వెంటనే జవాబు చెప్పలేక, నాకు తెలిసిన ఒకే పని చేశాను. ఈ ఆట ఎక్కడ పుట్టింది, ఎవరు ఎవరికి నేర్పారు, మన హైదరాబాద్ దాకా ఎలా వచ్చిందని చదివాను. చదివింది ఇక్కడ రాస్తున్నాను. ఇది ఆ అబ్బాకూ జవాబే, ఫూఫీకీ జవాబే.

అద్దం పగలగొట్టిన మెర్లిన్

చక్రాల బూట్ల చరిత్ర ఒక యాక్సిడెంట్‌తో మొదలవుతుంది. జాన్ జోసెఫ్ మెర్లిన్ అనే కారీగర్ ఇప్పటి బెల్జియంలో ఉన్న హుయ్ పట్టణంలో పుట్టి, 1760లో లండన్ చేరాడు. గడియారాలు, వాయిద్యాలు, మరబొమ్మలు చేయడంలో అతనికి సాటి లేదు. బూట్ల కింద చక్రాలు బిగించిందీ అతనే. ఒక రాత్రి సోహోలోని కార్లైల్ హౌస్‌లో పెద్దింటివాళ్ల మెహఫిల్ జరుగుతుంటే, ఆ బూట్లు తొడుక్కుని వయొలిన్ వాయిస్తూ లోపలికి దూసుకొచ్చాడు. పోవడం వచ్చు గాని తిరగడం రాదు, ఆగడం అసలే రాదు. ఐదు వందల పౌండ్ల పైన విలువ చేసే నిలువుటద్దానికి వెళ్లి గుద్దుకున్నాడు. అద్దం పోయింది, వయొలిన్ పోయింది, ఒళ్లంతా గాయాలయ్యాయి. ఈ కిస్సా జరిగిన కొన్ని దశాబ్దాలకు పుస్తకానికి ఎక్కింది కాబట్టి కొంత మిర్చీ మసాలా కలిసే ఉంటుంది. అయినా ఇందులో ఒక సచ్ ఉంది. మెర్లిన్‌కు బుర్ర ఉంది, షౌక్ ఉంది, హిమ్మత్ ఉంది. లేనిది ఉస్తాద్ ఒక్కడే.

ఇప్పుడు ఏ మంచి కోచ్ దగ్గరికి పోయినా మొదటి రోజు నేర్పేది పరుగు కాదు, పడటం. మోకాళ్లు వంచి కిందికి దిగాలి. పక్కకు, తుంటి మీదికి పడాలి. చేతులు నేలకు ఆనించొద్దు, మణికట్టు విరుగుతుంది. పడ్డాక పిడికిళ్లు బిగించాలి, లేకపోతే వెనక వచ్చే పిల్ల చక్రాలు వేళ్ల మీదుగా పోతాయి. మా చిన్నది మొదటి మూడు ఇత్వార్లు పడటమే నేర్చుకుంది. అప్పుడు నాక్కూడా ఆ అబ్బాలాగే అనిపించింది.

రబ్బరు ముక్క చేసిన పని

మెర్లిన్ తర్వాత వందేళ్ల పాటు చాలామంది చక్రాల బూట్లు చేశారు. అన్నిటిదీ ఒకటే ఐబ్: నేరుగా పోతాయి, వంపు తిరగవు. 1863లో న్యూయార్క్‌లో ఫర్నిచర్ వ్యాపారం చేసే జేమ్స్ ప్లింప్టన్ దీనికి ఇలాజ్ కనిపెట్టాడు. ముందు రెండు, వెనక రెండు చక్రాలు పెట్టి, ఇరుసుకూ బూటుకూ మధ్య రబ్బరు దిండు పెట్టాడు. మనిషి కుడికి ఒరిగితే రబ్బరు అటు నొక్కుకుని చక్రాలు కుడికి తిరుగుతాయి. ఎడమకు ఒరిగితే ఎడమకు. అంతే. ఆ చిన్న రబ్బరు ముక్కతో చక్రాల మీద వంపు గీయడం వీలైంది. ఇవాళ మన పిల్లల క్వాడ్ స్కేట్స్ కింద ఉన్నది ఆ ఉసూలే. సార్ చేతిలో పానా పట్టుకుని ఒక్కో పిల్ల స్కేట్ కింద నట్టు కాస్త వదులు చేయడం, కాస్త బిగించడం చూస్తుంటాం కదా, అది పిల్ల బరువును బట్టి, మడమ బలాన్ని బట్టి ఆ దిండును సర్దడమే.

ప్లింప్టన్‌కు ఇంకో సంగతి కూడా తెలుసు. బూటు ఇస్తే సరిపోదు, నేల ఇవ్వాలి, నేర్పేవాళ్లను ఇవ్వాలి. న్యూయార్క్‌లో స్కేటింగ్ సంఘం పెట్టాడు. 1866లో న్యూపోర్ట్‌లో ఒక హోటల్ భోజనాల హాలును స్కేటింగ్ హాలుగా మార్చి జనానికి తెరిచాడు. షరీఫ్ ఖాందాన్‌ల ఆడవాళ్లు, మగవాళ్లు వచ్చి అదబ్‌తో ఆడుకునే చోటుగా దాన్ని నిలబెట్టాడు. ఫూఫీకి నేను మొదట చెప్పింది ఇదే. ఈ ఆట సర్కస్ డేరాలో పుట్టలేదు. ఇజ్జత్ సంగతి ఆలోచించే ఆ రింక్‌ను తెరిచారు.

పేర్లు మిగిలినవాళ్లు, మిగలనివాళ్లు

అదే జమానాలో జాక్సన్ హేన్స్ అనే అమెరికన్ నాట్యం నేర్చుకుని మంచు మీద స్కేటింగ్ చేసేవాడు. సొంత దేశంలో ఖదర్ దొరకలేదు. యూరప్ వెళ్లాడు, వియన్నా వాళ్లు నెత్తిన పెట్టుకున్నారు. సంగీతానికి తగ్గట్టు ఒళ్లు కదపడం, చేతులు తేలిగ్గా ఉంచడం, వంపులో ఆగడం అతను చూపించాడు. షాగిర్దులు అందుకున్నారు. ఆర్టిస్టిక్ స్కేటింగ్ సిల్సిలా అక్కడ మొదలైందని చెప్పొచ్చు.

తర్వాత ఒక్కో గెంతుకూ ఒక్కో మనిషి పేరు వచ్చింది. నార్వేకు చెందిన ఆక్సెల్ పాల్సెన్ 1882లో వియన్నాలో వేసిన గెంతు 'ఆక్సెల్'. స్వీడన్‌కు చెందిన ఉల్రిచ్ సాల్కో 1909లో వేసింది 'సాల్కో'. ఆస్ట్రియాకు చెందిన అలోయిస్ లుట్జ్ 1913లో వేసింది 'లుట్జ్'. ఇవన్నీ మంచు మీద పుట్టిన పేర్లే. చక్రాల వాళ్లు వాటిని అలాగే తీసుకున్నారు. నాచారం దగ్గర ఒక సిమెంటు కోర్టులో పదేళ్ల పిల్ల "సార్, సాల్కో వేయనా?" అంటే, వందేళ్ల కిందటి స్వీడన్ మనిషిని తనకు తెలియకుండానే యాద్ చేస్తోందన్నమాట.

ఒక్క సంగతి మాత్రం గుచ్చుకుంది. గెంతు వేసినవాళ్ల పేర్లు మిగిలాయి. దాన్ని తరం తర్వాత తరానికి నేర్పినవాళ్ల పేర్లలో ఎక్కువ భాగం మిగలలేదు. మా నానా చేతిరాతతో వేల పేజీలు అచ్చయ్యాయి, ఒక్కదాని కిందా ఆయన పేరు లేదు. ఇదీ అంతే.

చక్రాల ఆటలకు అంతర్జాతీయ సమాఖ్య 1924లో స్విట్జర్లాండ్‌లోని మాంట్రూలో ఏర్పడింది. ఇప్పుడు దాన్ని వరల్డ్ స్కేట్ అంటున్నారు. ఆర్టిస్టిక్ విభాగంలో మొదటి ప్రపంచ చాంపియన్‌షిప్ వాషింగ్టన్‌లో 1947లో జరిగింది. మనకు ఆజాదీ వచ్చిన సంవత్సరమే.

గీత మీద మష్క్

ఇక సుద్దగీతల సంగతి. వీటిని 'ఫిగర్స్' అంటారు. మంచు మీద అయితే బూటు కింది కత్తి గీత పెడుతుంది. స్కేటర్ తిరిగి పోయాక జడ్జీలు ఆ గీతను వంగి చూసేవాళ్లు. చక్రం గీత పెట్టదు. అందుకే రోలర్‌లో దాయిరాను ముందే నేల మీద గీసి పెడతారు, దాని మీదుగా పోవాలి. ఉస్తాద్ తఖ్తీ మీద పెన్సిల్‌తో సన్నగా రాసిస్తే, దాని మీదే మనం కలం తిప్పడం గుర్తుందా? సరిగ్గా అదే. పెద్ద దాయిరా ఆరు మీటర్లు, 'లూప్' కోసం గీసే చిన్నది 2.40 మీటర్లు. ఫిగర్స్ కోసం చాలామంది బూటు ముందున్న టో స్టాపర్ కూడా తీసేస్తారు. ఆగే ఆధారం ఉండదు, ఒంటి తూకం ఒక్కటే దిక్కు.

దాయిరా మీద ఒంటికాలితో పోతున్నప్పుడు పాదం లోపలి వైపు ఒరిగితే ఇన్‌సైడ్ ఎడ్జ్, పాదం బయటి వైపు ఒరిగితే అవుట్‌సైడ్ ఎడ్జ్. ముందుకు పోతూ, ఆ కాలు కింద పెట్టకుండానే వెనక్కి తిరిగే మలుపును 'త్రీ టర్న్' అంటారు. గీస్తే మూడు అంకెలా ఉంటుంది కాబట్టి ఆ పేరు. చూడటానికి ఏమీ ఉండదు. కానీ గాల్లో జరిగే ప్రతి తమాషా ఈ మలుపులోనే దాగి ఉంటుంది. సాల్కో మొదలయ్యేది త్రీ టర్న్‌తోనే. గెంతి దిగేది ఒక కాలి మీద, వెనక్కి పోతూ, అవుట్‌సైడ్ ఎడ్జ్ మీద. దాయిరా మీద ఆ ఎడ్జ్ నిలబడని పిల్ల గాల్లోకి లేస్తుంది గాని దిగలేదు.

సార్ నజర్ ఎక్కడుంటుందో గమనించాను. మేం పిల్ల మొహం చూస్తాం, చేతులు చూస్తాం. ఆయన మోకాలు చూస్తాడు. తర్వాత తుంటి, తర్వాత భుజం. మా చిన్నది సాల్కోలో పదిసార్లు పడింది. పదకొండోసారి లేస్తుంటే సార్ "గెంతు బాగుంది. తిరగకముందే ఎడమ భుజం ఎందుకు తిప్పుతున్నావ్?" అన్నాడు. ఆమెను మళ్లీ దాయిరా మీదికి పంపాడు. ఇరవై నిమిషాలు త్రీ టర్న్, భుజం కదలకుండా. మళ్లీ గెంతితే నిలబడింది. జబ్బు ఒక చోట, నొప్పి ఒక చోట. నొప్పి చూసి జబ్బు చెప్పేవాడు హకీమ్. పడటం చూసి భుజం చెప్పేవాడు కోచ్. ఇస్లాహ్ అంటే ఇదే.

మంచు స్కేటింగ్ వాళ్లు 1990 తర్వాత ఫిగర్స్‌ను పోటీల్లోంచి తీసేశారు. టీవీలో చూసేవాళ్లకు విసుగు పుట్టిస్తున్నాయన్న మాట అందులో పెద్దది. రోలర్‌లో మాత్రం ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు వేరే పోటీగా నిలిచాయి. మార్కుల పద్ధతి కూడా మారింది. మునుపు హునర్‌కు ఒక మార్కు, నజాకత్‌కు ఒక మార్కు, రెండూ పదికి. ఇప్పుడు 'రోల్‌ఆర్ట్' అనే పద్ధతి. ప్రతి గెంతుకూ, ప్రతి స్పిన్‌కూ ముందే ఒక విలువ ఉంటుంది. అది ఎంత సాఫ్‌గా వచ్చిందో జడ్జీలు మైనస్ మూడు నుంచి ప్లస్ మూడు దాకా వేస్తారు. దీంతో కోచ్ పని హిసాబ్ కితాబ్ పనిగా కూడా మారింది. పిల్లకు రాని కష్టమైన గెంతు పెట్టి పడేయడమా, వచ్చిన తేలిక గెంతును మోతీలా వేయించడమా? ఆ ఫైసలా కోచ్ చేతిలోనే ఉంటుంది.

మన దగ్గరికి

బ్రిటిష్ వాళ్లు కొండ ఊళ్లకు పోతూ రింకుల షౌక్ కూడా మోసుకుపోయారు. ముస్సోరీలో కుల్రీ బజార్‌లో చెక్క నేల ఉన్న పెద్ద స్కేటింగ్ హాలు ఆ జమానాదే. ఆజాదీ తర్వాత 1955లో రోలర్ స్కేటింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. మెల్లగా ఈ ఆట కొండలు దిగి మైదానాలకు వచ్చింది. మన తెలుగు నేల మీద విశాఖపట్నం, హైదరాబాద్ దీనికి రెండు పెద్ద ఠికానాలయ్యాయి. హైదరాబాద్‌లో ఇందిరా పార్క్ రింక్ పేరు వినని స్కేటింగ్ కుటుంబం ఉండదు.

2010 నవంబర్‌లో చైనాలోని గ్వాంగ్‌జౌలో ఏషియన్ గేమ్స్ జరిగాయి. చక్రాల ఆటలు అందులో అడుగుపెట్టడం అదే మొదలు. మన హైదరాబాద్ కుర్రాడు అనూప్ కుమార్ యామా ఆర్టిస్టిక్ పురుషుల సింగిల్స్‌లో కాంస్యం గెలిచాడు. అవనీ పంచాల్‌తో కలిసి పెయిర్స్‌లో ఇంకో కాంస్యం తెచ్చాడు. 2015లో అర్జున అవార్డు కూడా వచ్చింది. మంచు లేని, చెక్క నేల లేని, ఎండలు మండే ఊరి నుంచి వచ్చిన పతకాలివి. ఆయనకు తాలీమ్ ఇచ్చింది బయటి దేశపు కోచ్ కాదు, సొంత తండ్రి వీరేశ్ యామా. కొడుకు పొద్దున అబ్బా అని పిలిచే మనిషే రింక్‌లో దిగాక భుజం తప్పు పట్టే ఉస్తాద్. ఇద్దరికీ అది ఎంత కష్టమో ఇంట్లో పిల్లలకు హోంవర్క్ చేయించే ప్రతి తండ్రికీ తెలుసు.

ఏషియన్ గేమ్స్‌లో తర్వాత రెండుసార్లు ఆర్టిస్టిక్ లేదు. 2023లో హాంగ్‌జౌలో మళ్లీ పెట్టారు. ఆ జట్టులో ఆర్టిస్టిక్ కోసం వెళ్లినవాళ్లలో గ్రిష్మా దొంతర, సాయి సంహిత ఆకుల ఉన్నారు. పేర్లు చూస్తేనే తెలుస్తుంది కదా, మన తెలుగు ఇళ్ల అమ్మాయిలే. పదమూడేళ్లు పోటీ లేకపోయినా సిల్సిలా తెగలేదంటే దానికి కారణం ఒకటే. మధ్యలో ఎవరో ఒకరు ప్రతి పొద్దున సుద్దముక్క పట్టుకుని నేల మీద దాయిరా గీస్తూనే ఉన్నారు.

ఊరి చివర క్లబ్బు

"పెద్ద ఊళ్లో, పెద్ద రింక్ దగ్గర ఉన్నవాళ్లకు గాని మనకెందుకు" అని మా బస్తీలో చాలామంది అంటారు. వాళ్లకు నేను చెప్పే మిసాల్ ఇటలీది. ఈ ఆటలో ఇటలీకి ఎదురు లేదు. మంచి బూట్లు, ఫ్రేములు, చక్రాలు కూడా ఎక్కువగా అక్కడి నుంచే వస్తాయి. అక్కడ తాన్యా రొమానో అనే ఆమె ఎన్నోసార్లు ప్రపంచ చాంపియన్ అయింది. ఆమె రోమ్ నుంచో మిలాన్ నుంచో రాలేదు. త్రియెస్తె అనే ఓడరేవు నగరం పైన, కొండ మీద ఒపిచీనా అనే చిన్న ఊరు ఉంది. అక్కడ ఇటాలియన్‌తో పాటు స్లొవేనియన్ మాట్లాడే అఖ్లియత్ జనం ఎక్కువ. వాళ్లు తమ భాషలో 'పొలెట్' అనే క్లబ్బు నడుపుకుంటారు. తాన్యా ఆ క్లబ్బు పిల్ల. ఆమె కోచ్ మొయ్‌మీర్ కొకొరోవెత్స్ కూడా అక్కడివాడే.

నగరం చివర ఒక ఊరు, ఇంట్లో ఒక భాష, బజార్‌లో ఇంకో భాష, చందాలతో నడిచే క్లబ్బు, ఏళ్ల తరబడి కదలకుండా అక్కడే ఉన్న ఒక కోచ్. ఇది చదివినప్పుడు నాకు ఒపిచీనా కనిపించలేదు, ఘట్‌కేసర్ కనిపించింది. మనకూ ఇంట్లో ఒక భాష, బయట ఒక భాషే కదా.

ఫూఫీ సవాల్

ఇప్పుడు ఫూఫీ దగ్గరికి వద్దాం. ఆమె చెప్పిన కారణాలు మూడు. బట్టలు. చూసేవాళ్లు. రేపు పడి కాలో చెయ్యో విరిగితే జిమ్మేదారీ ఎవరిది? మూడూ నేను కొట్టిపారేసేవి కావు. ఆడపిల్లను కన్న తండ్రిని, నాకూ రాత్రిళ్లు ఇవే గుర్తొస్తాయి.

మూడోదానికి జవాబు మెర్లిన్ కథలోనే ఉంది. పడటం ముందు నేర్పే కోచ్ దగ్గర ఉంటే దెబ్బలు తగులుతాయి, విరగడం తక్కువ. మొదటి రెండింటి కోసం నేను ఆమెకు జహ్రా లారీ సంగతి చెప్పాను. అబూధాబీ అమ్మాయి. మంచు స్కేటింగ్ సినిమా చూసి పన్నెండేళ్ల ఈడులో మొదలుపెట్టింది. తండ్రి మొదట పోటీలకు ఒప్పుకోలేదు. తర్వాత ఒక పోటీ చూడ్డానికి కూతుర్ని వెంట తీసుకెళ్లి, రింక్ బయట నిలబడి లోపలికి చూస్తున్న ఆమె మొహం చూసి మనసు మార్చుకున్నాడు. 2012లో ఇటలీలోని కనాజేయీలో హిజాబ్‌తో పోటీలో దిగింది. తల మీది గుడ్డ అదనపు వస్తువు కింద లెక్క అని మార్కు కోశారు. ఆమె స్కార్ఫ్ తీయలేదు, ఆట కూడా వదల్లేదు. సమాఖ్యతో మాట్లాడింది, హిజాబ్‌కు మార్కు కోయడం ఆగింది. అది మంచు మీది కథ. మన చక్రాల పిల్లలకు కూడా అందులో సబఖ్ ఉంది. దీన్‌ను, ఆటను చెరో పళ్లెంలో పెట్టి తూచాల్సిన పని లేదని ఒక పిల్లా, ఒక తండ్రీ చేసి చూపించారు.

ఫూఫీ అంతా విని ఒక్క మాట అడిగింది: "మన సార్ ఏమంటాడు?"

అది సరైన సవాల్. నేను చదివిన రెండు వందల యాభై ఏళ్ల చరిత్ర కన్నా ఆ ఒక్క మనిషి అదబ్ ఆమెకు ముఖ్యం. తర్వాతి ఇత్వార్ ఆమెను వెంట తీసుకెళ్లాను. మా చిన్నది ఫుల్ స్లీవ్స్ కుర్తీ, పొడుగు లెగ్గింగ్స్, పిన్ను పెట్టి బిగించిన స్కార్ఫ్‌తో దిగింది. సార్ పెట్టిన ఖాయిదా ఒకటే: ఏదీ వేలాడకూడదు. దుపట్టా కొస చక్రంలో పడితే మెడకు బిగుస్తుంది. దుపట్టా అయినా, జడ రిబ్బన్ అయినా, మెడలో గొలుసు అయినా అందరికీ అదే మాట. పిల్లను ముట్టుకోకుండా, చేతిలో కట్టె పట్టుకుని దూరం నుంచే "మోకాలు, మోకాలు" అంటాడు. ఫూఫీ గంటన్నర కుర్చీలోంచి లేవలేదు. వచ్చేటప్పుడు స్కూటర్ వెనక కూర్చుని, "ఆ గుండ్రం మీద తిరగడం... అబ్బాజాన్ నీతో నూన్ రాయించినట్టే ఉంది" అంది. ఒప్పుకున్నట్టా కాదా అని నేను అడగలేదు. కాని ఆ తర్వాత "నక్కో" అన్న మాట మళ్లీ వినపడలేదు.

నేల కావాలి

కథ ఇక్కడ అయిపోతే బాగుండేది. రెండు వారాల కింద ఆ బడివాళ్లు కోర్టులో బస్సులకు షెడ్డు వేస్తున్నామని సార్‌కు చెప్పారు. వాళ్ల జాగా, వాళ్ల ఇష్టం. బడి పేరు ఇక్కడ అనవసరం. పదిహేను మంది పిల్లలు మాత్రం రోడ్డున పడ్డారు. ఒక ఫంక్షన్ హాల్ అడిగాం. నేల గ్రానైట్, నున్నగా జారుతుంది, ఎడ్జ్ పట్టదు. పైగా షాదీల సీజన్. ఒక అపార్ట్‌మెంట్ పార్కింగ్ చూశాం. షాబాద్ బండలు, బండకూ బండకూ మధ్య సందుల్లో చిన్న చక్రం ఇరుక్కుంటుంది. ఇందిరా పార్క్ ఘట్‌కేసర్ నుంచి ఇరవై కిలోమీటర్ల పైనే. వారానికి ఒకసారి అయితే పోవచ్చు. మష్క్ వారానికి ఒకసారి చేసేది కాదు. మన ఉప్పల్‌లో దేశమంతా తెలిసిన క్రికెట్ స్టేడియం ఉంది. దాని ముందు నుంచే పోతూ, పిల్లల స్కేట్ల సంచీ కాళ్ల దగ్గర పెట్టుకుని సాఫ్ నేల కోసం గల్లీ గల్లీ వెతుకుతున్నాం.

ఈ చరిత్ర అంతా చదివాక నాకు అర్థమైంది ఇదే. గెంతులు కనిపెట్టినవాళ్లు వచ్చారు, పోయారు. ఈ ఆటను నిలబెట్టినవి రెండే: కదలకుండా ఒక చోట నిలబడిన ఉస్తాద్, అతని కాళ్ల కింద కదలని నేల. నేల పోతే ఉస్తాద్ పోతాడు. ఉస్తాద్ పోతే ఆ ఊళ్లో సిల్సిలా అక్కడితో ఖతం. ఉర్దూ కాతిబ్‌ల సంగతి మన కళ్ల ముందే జరిగింది. కంప్యూటర్లు వచ్చాక వాళ్లు కూర్చునే చాపలు చుట్టేశారు. ఇప్పుడు చేత్తో నిలబడే నూన్ రాసేవాడి కోసం హైదరాబాద్‌లో వెతుక్కోవాలి.

అందుకే చివరగా ఒక గుజారిష్. ఘట్‌కేసర్, బోడుప్పల్, ఉప్పల్, నాచారం, మల్లాపూర్ వైపు ఉండే భాయిలు, బెహెన్లు ఎవరికైనా, మీ బడికో షాదీఖానాకో ఫ్యాక్టరీ గోదాముకో సందులు లేని పాలిష్ సిమెంట్ నేల గాని, మొజాయిక్ నేల గాని ఉంటే, నలభై అడుగుల పొడుగున్నా చాలు, ఇత్వార్ పొద్దున రెండు గంటలు పిల్లలకు ఇవ్వండి. కిరాయా ఇస్తాం. సుద్దగీతలు తుడిచేసి పోతాం.

మీ పిల్లలను ఏ కోచ్ దగ్గర వేసినా మొదటి నెలలో గెంతులు అడగకండి. పడటం నేర్పుతున్నాడా, గీత మీద నడిపిస్తున్నాడా, నజర్ మోకాలి మీద ఉందా అని చూడండి. ఉంటే ఫీజు సార్థకమే.

వచ్చే ఇత్వార్‌కు ఎక్కడికి పోవాలో ఇంకా తెలియదు. మా చిన్నది మాత్రం శనివారం రాత్రే దారం ఉండ చుట్టి, సుద్దముక్కలు డబ్బాలో వేసి పెట్టుకుంటోంది.

ఖుదా హాఫిజ్.